పాయింట్ల సగటు ఒక్కటే అచ్చేస్తే రన్నింగ్ బ్యాక్ సంగతి తెలియదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్‌కు తెలుగు పత్రికలో చోటు దొరకడమే గొప్ప. మీ క్రీడా పేజీలో అక్కడి వృత్తి లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి మోసుకొని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల ఫ్యాంటసీ పట్టిక మొదలుపెట్టినందుకు సంతోషం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇంటికొకరు కాకపోయినా వాడకొకరైనా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. అక్కడి బావమరుదులు, తోడల్లుళ్లు, ఇంజినీరింగ్ దోస్తులు పెట్టిన లీగుల్లో ఇక్కడివాళ్లు కూడా నిజమైన ఆటగాళ్లను ఎంచుకొని తలా ఒక కాగితం జట్టు కట్టి, మైదానంలో వాళ్లు చేసినదానికి వచ్చే పాయింట్లతో ఈ ఫ్యాంటసీ ఆడుతున్నారు. డబ్బు పెట్టి ఆడే ఆట సంగతి కాదు మేం చెప్పేది. దానికి తెలంగాణలో 2017లోనే అడ్డుకట్ట పడింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఇది చుట్టాల మధ్య పరువు కోసం ఆడే ఆట. ఆ పరువు కొన్ని ఇళ్లలో డబ్బు కంటే ఖరీదైనదే, అది వేరే మాట.

మీ పట్టికలో ఆటగాడి పేరు, జట్టు, మొత్తం పాయింట్లు, మ్యాచ్‌కు సగటు మాత్రమే ఉంటున్నాయి. వాటిని చూసి రన్నింగ్ బ్యాక్‌ను తీసుకున్నవాళ్లు ఎక్కువగా మోసపోతారు. సగటు అనేది ఆటగాడి నిలకడను చెప్పదు, రాబోయే వారాల గురించి అసలే చెప్పదు. ఆ రెండూ తెలియాలంటే అతని చేతికి బంతి ఎన్నిసార్లు, ఏ చోట, ఏ సందర్భంలో వస్తోందో చూడాలి. పట్టిక ఎట్లా మారిస్తే అది తెలుస్తుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

కొత్త పాఠకుల కోసం పాయింట్ల లెక్క ముందు చెప్పాలి. పరుగెత్తి గానీ క్యాచ్ పట్టి గానీ సాధించిన ప్రతి 10 గజాలకు 1 పాయింటు. బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కు 6. బంతి జారవిడిచి ఎదుటి జట్టుకు పోగొడితే 2 కోత. పీపీఆర్ లీగుల్లో ప్రతి క్యాచ్‌కు ఇంకో పాయింటు, సగం పీపీఆర్ అయితే అర పాయింటు. మీ పట్టిక ఏ పద్ధతిదో కింద ఒక ముక్క కూడా లేదు. ఇది చిన్న లోపం కాదు, ఎందుకో కింద తెలుస్తుంది.

ఊహకు ఇద్దరు ఆటగాళ్లను అనుకుందాం. మొదటివాడి ఎనిమిది వారాల పాయింట్లు 14, 12, 15, 11, 16, 13, 12, 15. రెండోవాడివి 34, 5, 6, 31, 7, 4, 15, 6. ఇద్దరి మొత్తమూ 108, సగటు 13.5. మీ పట్టికలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. కానీ ఫ్యాంటసీలో గెలుపోటములు వారం వారం తేలతాయి, సీజను చివర మొత్తం కూడి కాదు. పాలమూరులో ఖరీఫ్ వాన అంతా రెండు రోజుల్లో కుండపోతగా కురిస్తే రికార్డులో సాధారణ వర్షపాతమనే రాస్తారు, చేలో కంది మాత్రం ఎండిపోయి ఉంటుంది. రెండోవాడి పద్ధతి అది.

దీనికి మందు సులువే. పాయింట్లను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టి నడిమి అంకె (ఎనిమిది వారాలైతే నడిమి రెండింటి సగటు) చూడాలి. మొదటివాడికి అది 13.5, రెండోవాడికి 6.5. తర్వాత ఒక గీత గీసుకోవాలి. పన్నెండు జట్ల లీగులో ఒక్కొక్కరు ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లను దింపితే మొత్తం 24 మంది, కాబట్టి ప్రతి వారం 24వ స్థానంలో నిలిచినవాడి పాయింట్లే ఆ గీత. పీపీఆర్‌లో అది సుమారు 11, 12 దగ్గర ఉంటుంది. 12 అనుకుంటే మొదటివాడు ఎనిమిదిలో ఏడు వారాలు గీతను అందుకున్నాడు, రెండోవాడు మూడే. పాయింట్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ వేసి చూపేవాళ్లున్నారు గానీ, ఒక్క వారం 40 కొట్టినవాణ్ని కూడా అది నిలకడ లేనివాడిగానే లెక్కేస్తుంది. ఎక్కువ కొట్టడం తప్పు కాదు కదా, తక్కువ కొట్టిన వారాలు ఎన్నో అదే చూడాలి.

నిజమైన ఉదాహరణ కావాలంటే 2023లో మయామీ ఆటగాడు డెవాన్ అచేన్. ఆ సీజన్ 11 మ్యాచ్‌ల్లో 103 క్యారీలకు (బంతి చేతికి అందుకొని పరుగెత్తడమే క్యారీ) 800 గజాలు, పీపీఆర్‌లో మ్యాచ్‌కు 17 పైచిలుకు సగటు. అందులో సెప్టెంబర్ 24న డెన్వర్ మీద 70-20తో గెలిచిన ఒక్క ఆటలోనే 203 గజాలు పరుగెత్తి, క్యాచ్‌లతో కలిపి నాలుగు టచ్‌డౌన్లు చేసి 51.3 తెచ్చాడు. ఆ ఒక్కటి తీసేస్తే మిగిలిన పదింటి సగటు 14 దగ్గరికి దిగుతుంది. అప్పటికీ మంచివాడే, కాకపోతే 17 ధర పెట్టి కొనాల్సినవాడు కాదు.

ఇంకో జాగ్రత్త. మొదటి క్వార్టర్‌లోనే గాయపడి బయటికి పోయిన మ్యాచ్‌ను, పూర్తిగా ఆడి 4 పాయింట్లు తెచ్చిన మ్యాచ్‌ను ఒకే గాటన కట్టకూడదు. మొదటిది గాయం ఖాతాలోకి, రెండోది ఆట ఖాతాలోకి పోవాలి. వారం వారం పట్టికలో అటువంటి మ్యాచ్ పక్కన చుక్క గుర్తు పెడితే చాలు.

ఇక అసలు విషయం, టచ్‌డౌన్లు. పట్టికలో పైన కనిపించే ఆటగాళ్లలో చాలామందిని అక్కడికి ఎక్కించినవి ఇవే, మరుసటి ఏడు దించేవీ ఇవే. డెట్రాయిట్‌లో జమాల్ విలియమ్స్ 2022లో 1,066 గజాలు, 17 టచ్‌డౌన్లు చేశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పరుగు టచ్‌డౌన్లలో ఆ ఏడు అతనే మొదటివాడు. అతని పీపీఆర్ పాయింట్లలో దాదాపు సగం ఆ 17 నుంచి వచ్చినవే, ఏడాది పొడుగునా పట్టిన క్యాచ్‌లు పన్నెండే. తర్వాతి ఏడు న్యూ ఆర్లీన్స్‌లో 106 క్యారీలు, 306 గజాలు, ఒకే టచ్‌డౌన్. ఆ ఒక్కటి కూడా సీజన్ చివరి ఆటలో, మోకాలు ఆనించి ఆట ముగించమని కోచ్ చెప్పినా వినకుండా తోటివాళ్లు ఇప్పించింది. మయామీ రహీం మోస్టర్ట్ 2023లో పరుగులో 18, క్యాచ్‌లతో కలిపి 21 టచ్‌డౌన్లు చేసి, 2024లో పరుగులో రెండింటితో సరిపెట్టుకున్నాడు.

తలకిందులైన కథ బఫలోలో జరిగింది. జేమ్స్ కుక్ 2023లో 1,122 గజాలు పరుగెత్తినా పరుగు టచ్‌డౌన్లు రెండే. గోల్ గీత దగ్గరికి వచ్చేసరికి, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ తానే దూసుకుపోయి 15 చేశాడు. 2024లో కుక్ గజాలు 1,009కి తగ్గాయి, టచ్‌డౌన్లు మాత్రం 16 అయ్యాయి. మనిషి అతనే, జట్టు అదే. 2023 పాయింట్లు చూసి అతన్ని వదిలేసినవాళ్లు నష్టపోయారు, 237 క్యారీలు చూసినవాళ్లు నిలబెట్టుకున్నారు. ఫిలడెల్ఫియాలో 2023లో డీ ఆండ్రే స్విఫ్ట్‌కు 1,049 గజాలున్నా టచ్‌డౌన్లు ఐదే, ఎందుకంటే ఒక గజం దూరంలో వెనక నుంచి నెట్టే ఆటతో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 15 ఎత్తుకుపోయాడు. అందుకే రన్నింగ్ బ్యాక్‌ను కొనేముందు అతని క్వార్టర్‌బ్యాక్ కాళ్లు కూడా చూడాలి.

కాబట్టి టచ్‌డౌన్ల అంకె కాదు, గోల్ గీతకు ఐదు గజాల లోపల దొరికిన క్యారీల అంకె కావాలి. ఒక గజం దూరం నుంచి ఇచ్చిన బంతుల్లో సగానికి పైగా టచ్‌డౌన్ అవుతాయి. ఇరవై గజాల అవతల నుంచి అయితే అరుదు. ఒకడు ఐదు టచ్‌డౌన్లు చేశాడంటే, అవి గోల్ గీత దగ్గర పది క్యారీల నుంచి వచ్చాయా, రెండు క్యారీలు, మూడు పొడుగు పరుగుల నుంచి వచ్చాయా అడగండి. మొదటిది మళ్లీ వస్తుంది. రెండోది వస్తే అదృష్టం.

క్యారీకి, టార్గెట్‌కు (క్యాచ్ కోసం అతని వైపు విసిరిన బంతి) మధ్య విలువ తేడా చాలామంది ఒప్పుకోరు, అందుకే లెక్క కట్టి చూపుతాం. ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తంలో ఒక క్యారీకి సగటున 4.3 గజాల దగ్గర వస్తాయి, అంటే 0.43 పాయింటు. వందకు మూడు క్యారీలు టచ్‌డౌన్ అవుతాయనుకుంటే ఆ వాటా 0.18. వెరసి 0.6. రన్నింగ్ బ్యాక్ వైపు విసిరిన బంతుల్లో నాలుగింట మూడు వంతులకు మించి చేతికి చిక్కుతాయి, అంటే పీపీఆర్‌లో అక్కడే 0.77. గజాలు దాదాపు ఆరు, అంటే ఇంకో 0.6. టచ్‌డౌన్ వాటా కొంచెం కలిపితే ఒక టార్గెట్ విలువ 1.5. క్యారీకి రెండున్నర రెట్లు. సగం పీపీఆర్‌లో అది 1.1కి, క్యాచ్‌కు ఏమీ ఇవ్వని లీగులో 0.75కి పడుతుంది. మీ పట్టిక కింద పద్ధతి రాయమన్నది ఇందుకే.

దీన్నిబట్టి ఒక మ్యాచ్‌లో 18 క్యారీలు, 1 టార్గెట్ దొరికినవాడి పని విలువ 12.3. 11 క్యారీలు, 6 టార్గెట్లు దొరికినవాడిది 15.6. పేపర్లో మాత్రం 18 క్యారీలవాడే పెద్దగా కనిపిస్తాడు. 2022లో ఆస్టిన్ ఎకలర్ వెయ్యి గజాలు కూడా పరుగెత్తలేదు, 915 దగ్గరే ఆగాడు. కానీ 107 క్యాచ్‌లు పట్టాడు. ఊరికే పట్టుకున్నందుకే 107 పాయింట్లు వచ్చి, పీపీఆర్‌లో రన్నింగ్ బ్యాక్‌లలో మొదటి స్థానానికి చేరాడు.

టార్గెట్లకు ఇంకో గుణముంది, నిలకడ తెచ్చేది అదే. జట్టు ఆధిక్యంలో ఉంటే గడియారం కరిగించడానికి పరుగు ఆట ఆడతారు, అప్పుడు క్యారీలు పెరుగుతాయి. రెండు టచ్‌డౌన్లు వెనకబడితే బంతి విసరడమే, మూడో క్వార్టర్ నుంచి పరుగులవాడు బెంచీ మీదే. క్యాచ్ పట్టగలవాడు ఈ రెండు పరిస్థితుల్లోనూ మైదానంలో ఉంటాడు. నాలుగు పాయింట్ల వారాలు ఎక్కువగా ఎవరికి వస్తాయో వెతికితే, ఓడిపోయే జట్టులో క్యాచ్‌లు లేనివాడి దగ్గరే దొరుకుతాయి.

క్యారీకి సగటు గజాలను మాత్రం దయచేసి పెద్ద అక్షరాల్లో వేయకండి. 15 క్యారీల్లో 60 గజాలు చేసినవాడు పదహారోసారి సందు దొరికి 70 గజాలు పరుగెత్తితే, అతని సగటు 4 నుంచి 8.1కి ఎగురుతుంది. ఆ ఒక్క పరుగు తప్ప మిగతా ఆటలో అతను మారింది ఏమీ లేదు. సీజను సగం దాటేదాకా ఈ అంకెతో పని లేదు.

స్నాప్‌ల వాటా కావాలి. జట్టు బంతితో దాడికి దిగిన ఒక్కో ఎత్తును స్నాప్ అంటారు, వాటిలో నూటికి 65 మించి మైదానంలో ఉంటే పని అతనిదే. 50 దగ్గరైతే ఇంకొకరితో పంచుకుంటున్నాడు. 40 కిందికి వస్తే టచ్‌డౌన్ మీదే ఆధారపడ్డవాడు. దీన్ని సీజను మొత్తానికి కాక చివరి మూడు నాలుగు వారాలకు చూడాలి, విలువ మారేది అక్కడే ముందు కనిపిస్తుంది. 45, 52, 60, 66 అని ఎక్కుతూ పాయింట్లు మాత్రం 9 దగ్గరే ఉన్నవాడు దొరికితే వెంటనే మార్పిడికి అడగండి, అవతలివాడు ఇంకా పాయింట్లే చూస్తుంటాడు. 70, 61, 54 అని దిగుతూ రెండు టచ్‌డౌన్లతో 20 కొట్టినవాణ్ని ఆ వారమే ఎవరికైనా అంటగట్టండి. ఇందులో మోసం లేదు, అంకెలు అందరికీ ఉచితంగానే దొరుకుతాయి. బంతి జారవిడవడం కూడా ఇక్కడే చూడాలి. దానికి పోయే 2 పాయింట్లు పెద్ద లెక్క కాదు, కోచ్ నమ్మకం పోయి స్నాప్‌లు పడిపోవడమే పెద్ద దెబ్బ.

వయసు, అలసట గురించి అతి నమ్మకాలున్నాయి. ఏడాదిలో 370 క్యారీలు దాటితే మరుసటి ఏడు మనిషి అయిపోయినట్టే అంటారు. నిజంగానే డెమార్కో ముర్రే 2014లో డాలస్‌కు 392 క్యారీలు మోసి 1,845 గజాలు చేసి, మరుసటేడు ఫిలడెల్ఫియాలో 702కు పడ్డాడు. డెరిక్ హెన్రీ 2020లో 378 క్యారీలకు 2,027 గజాలు చేసి, 2021లో ఎనిమిదో ఆటలో పాదం ఎముక విరిగి ఆగాడు. క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ 2019లో 287 క్యారీలు, 116 క్యాచ్‌లు, కలిపి 403 సార్లు బంతి అందుకొని, తర్వాతి రెండేళ్లలో మూడు, ఏడు ఆటలే ఆడాడు. అయితే గాయపడే ముందు ఆ ఎనిమిది ఆటల్లోనే హెన్రీ 937 గజాలు చేశాడు, 2024లో ముప్పై ఏళ్ల వయసులో బాల్టిమోర్‌కు 1,921 గజాలు, 16 టచ్‌డౌన్లు తెచ్చాడు. మా లెక్క ఏమిటంటే, 28 దాటినవాడికీ, సీజను తర్వాతి నాకౌట్ ఆటలైన ప్లేఆఫ్‌లతో కలిపి 400 దాటి మోసినవాడికీ డ్రాఫ్ట్‌లో, అంటే సీజను ముందు ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఒక మెట్టు తగ్గించాలి గానీ పట్టిక నుంచే కొట్టేయకూడదు. సాక్వాన్ బార్క్‌లీ 2024లో 345 క్యారీలకు 2,005 గజాలు చేశాక ప్లేఆఫ్‌లలో ఇంకో 91 మోశాడు. 2025లో ఆ జోరు కనిపించలేదు. ప్లేఆఫ్ క్యారీలను సీజను లెక్కలో కలపకపోతే ఇది ముందుగా అందదు.

రాబోయే వారాల విలువకు ప్రత్యర్థి పట్టికలు వేస్తుంటారు. రన్నింగ్ బ్యాక్‌లకు ఎక్కువ పాయింట్లు ఇచ్చిన జట్లు ఇవి అని. ఐదారు వారాలు గడిచేదాకా ఆ పట్టిక మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఆ జట్టు అప్పటిదాకా హెన్రీనీ బార్క్‌లీనీ ఎదుర్కొని ఉంటే అంకె ఎట్లాగూ పెద్దదే ఉంటుంది. అంతకంటే మేలైనది మ్యాచ్‌కు ముందు వచ్చే అంచనా. రెండు జట్లూ కలిసి 46 పాయింట్లు చేస్తాయని, ఒక జట్టు 6 తేడాతో గెలుస్తుందని అంచనా ఉంటే ఆ జట్టు వాటా 26, అవతలిది 20. 26 వచ్చే జట్టు రన్నింగ్ బ్యాక్‌కు గోల్ గీత దగ్గర అవకాశాలు, చివర్లో క్యారీలు రెండూ ఉంటాయి. ఆ అంకెను చూసి ఊరుకోవాలి, దాని మీద పందెం కాయమని మేం చెప్పడం లేదు.

ఆటగాడి జట్టుకు మ్యాచ్ లేని విశ్రాంతి వారం ఎప్పుడో కొనేముందే చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం 15, 16, 17 వారాలు, చాలా ఫ్యాంటసీ లీగుల్లో ప్లేఆఫ్‌లు అప్పుడే. 18వ వారంలో ప్లేఆఫ్ స్థానం ఖాయమైన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ముఖ్యుల్ని కూర్చోబెడతాయి, అందుకే తెలిసినవాళ్లు ఫైనల్ అక్కడ పెట్టరు.

ఇక్కడి నుంచి ఆడేవాళ్లకు గడియారమే పెద్ద చిక్కు. ఆదివారం తొలి మ్యాచ్‌లు మనకు రాత్రి 10.30కి మొదలవుతాయి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం వెనక్కి తిప్పాక 11.30కి. ఆడనివాళ్ల జాబితా గంటన్నర ముందు వస్తుంది, అంటే 9 గంటలకు, తర్వాత 10 గంటలకు. భోజనం కాగానే ఒకసారి చూస్తే సరిపోతుంది. చిక్కంతా అర్ధరాత్రి దాటాక జరిగే ఆటలతో, సోమవారం ఆటతో. సోమవారం రాత్రి ఆట మనకు మంగళవారం తెల్లవారుజామున. 2024 మొదటి వారంలో మెక్‌కాఫ్రీ ఆడతాడా లేదా అన్నది సోమవారం దాకా నానింది. చివరికి ఆడలేదు, అతని బదులు వచ్చిన జోర్డన్ మేసన్ 28 క్యారీలకు 147 గజాలు, ఒక టచ్‌డౌన్ చేశాడు. అప్పటికి మిగతా మ్యాచ్‌లన్నీ అయిపోయాయి కాబట్టి మేసన్‌ను ముందే తీసుకొని పెట్టుకోనివాళ్లకు సున్నానే మిగిలింది. పెద్ద ఆటగాడు ఉన్నవాళ్లు అతని వెనక వరుసలో ఉన్నవాణ్ని బెంచీ మీద ఉంచుకోవాలి, ముఖ్యంగా సందేహం ఉన్న ఆటగాడి మ్యాచ్ సోమవారమైతే. ఆదివారం ఆటలకైతే బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీసు నివేదికల్లో శుక్రవారంది ఎక్కువ నమ్మాలి. ఆ రోజు పూర్తిగా ప్రాక్టీసు చేస్తే సాధారణంగా ఆడతాడు. మూడు రోజులూ దిగకపోతే ఆడడనే అనుకోండి. తొడ కండరం పట్టేసి తిరిగి వచ్చినవాడికి మొదటి వారం స్నాప్‌లు తగ్గిస్తారు, పేరు జాబితాలో ఉందని దింపితే ఎనిమిది క్యారీలతో ముగుస్తుంది.

మొత్తం పాయింట్ల గడి తీసేయమని మా కోరిక కాదు. దాని పక్కన చివరి నాలుగు వారాల క్యారీలు, టార్గెట్లు, ఐదు గజాల లోపలి క్యారీలు, స్నాప్‌ల వాటా, వారం పాయింట్ల నడిమి అంకె, గీత దాటిన వారాల సంఖ్య వేయండి. ఆరు గడులు పెరుగుతాయి. చోటు చాలకపోతే యాభై మందికి బదులు ముప్పై మందిని వేయండి. ముప్పై నుంచి యాభై మధ్యవాళ్ల మొత్తం పాయింట్లతో ఎవరికీ ఒరిగేది లేదు. దాని బదులు, మొత్తంలో కింద ఉన్నా స్నాప్‌లు మూడు వారాలుగా పెరుగుతున్న ఐదుగురి పేర్లు విడిగా ఇస్తే మేలు.

ఇంకొక్కటి, ప్రచురించే రోజు. మీరు సోమవారం వేస్తున్నారు. అప్పటికి ఆదివారం ఆటలు కూడా అన్నీ ముగిసి ఉండవు, సోమవారం ఆట అసలే ఉండదు. ఆ ఆట మనకు మంగళవారం ఉదయం అయిపోతుంది, చాలా లీగుల్లో కొత్త ఆటగాళ్ల కేటాయింపు బుధవారం మధ్యాహ్నం ప్రాంతంలో జరుగుతుంది. బుధవారం పొద్దున పేపర్లో పట్టిక ఉంటే లెక్కలూ పూర్తిగా ఉంటాయి, చూసి పేరు పెట్టడానికి పాఠకుడికి నాలుగైదు గంటల సమయమూ ఉంటుంది.

ఇట్లు,
ఒకే లీగులో ఆడుతున్న పాఠకులం,
నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి